అంతస్తులు పెరిగితే మనకేం పెరుగుతది?

ఈ నెల పండుగ ముచ్చట్లు రాద్దామనుకున్న. కానీ మా వర్లీలో ఇప్పుడు బిల్డింగు ముచ్చట తప్ప ఇంకో ముచ్చట లేదు. నీళ్ల కాడ అదే, గుడి కాడ అదే, చావుకు పోయిన కాడ కూడా అదే. "మీ చాల్‌ది ఎంత దాకా వచ్చింది?" అని ఒకరినొకరు అడుగుతున్నరు, పిల్ల సంబంధం సంగతి అడిగినట్లు. కామాఠీపురా, నాయ్‌గావ్, లోయర్ పరేల్‌లో ఉండే మనోళ్లు ఫోన్లు చేసి, "నెలనెలా ఏదో ఒకటి రాస్తవు కదా, దీని మీద రాయి" అన్నరు. నేను చదివింది నాలుగో తరగతి. చట్టం పుస్తకం నా తరం కాదు. మనవరాలు చదివి చెప్పింది, అర్థం కాని కాడ మళ్లీ మళ్లీ చదివించుకున్న. అర్థమైన కాడికి రాస్తున్న.

మాది సెస్ చాల్. అంటే 1969కి ముందు కట్టిన కిరాయి బిల్డింగు. మరమ్మతుల కోసం సెస్ అని పన్ను కడతం, రిపేర్ బోర్డు వాళ్లు వానకాలం ముందు వచ్చి చూసి, గోడకు ఇనుప గడ్డర్ ఆనిచ్చి పోతరు. అందులో మళ్లీ క్లాసులున్నయి. 1940 సెప్టెంబరుకు ముందు కట్టినవి ఏ క్లాసు, తర్వాత 1950 దాకా బీ, ఆ తర్వాత 1969 దాకా సీ. మాది ఏ క్లాసు. పేరుకే ఏ క్లాసు, మెట్లు ఎక్కుతుంటే చెక్క ఊగుతది.

ఇప్పుడు మా చాల్, ఎనుక గల్లీలోని చాల్లు కలిపి ఒక్కటే ప్లాన్ కింద పడగొట్టి టవర్లు కడతమని బిల్డరు వచ్చిండు. గవర్నమెంటు ఎఫ్‌ఎస్‌ఐ పెంచింది, అందుకే వచ్చిండు. ఈ ఎఫ్‌ఎస్‌ఐ అనే మాట అందరి నోట్లో ఉన్నది, సగం మందికి అర్థం తెల్వదు. సంగతి చిన్నదే. జాగ పదివేల చదరపు అడుగులు ఉన్నదనుకోండి. ఎఫ్‌ఎస్‌ఐ ఒకటి అంటే దాని మీద అన్ని అంతస్తులు కలిపి పదివేలు కట్టొచ్చు. మన పాత బొంబయిలో మామూలు లెక్క 1.33. అంటే పదమూడు వేల మూడు వందలు. సెస్ బిల్డింగును 33(7) అనే రూలు కింద మళ్లీ కడితే మూడు, అంటే ముప్పై వేలు. నాలుగైదు చాల్లు కలిపి పెద్ద జాగ చేసి 33(9) కింద కడితే నాలుగు, నలభై వేలు. ఇండ్ల లెక్కను బట్టి అంతకన్నా ఎక్కువ కూడా వస్తది. జాగ పెరగలేదు, అదే జాగ. ఆకాశం పెరిగింది. ఆ పెరిగిన ఆకాశంలో ముందు మనకు ఇండ్లు కట్టి ఉత్తగ ఇయ్యాలె, మిగిలింది బిల్డరు అమ్ముకుంటడు. మన ఇండ్ల ఖర్చు, వాని లాభం రెండూ అందులోనే.

మా చాల్‌లో ఈ ముచ్చట వచ్చినప్పటి నుంచి మనుషులు మూడు నాలుగు తీర్లయిండ్రు. పెండ్లి కావాల్సిన పోరగాండ్లున్న ఇండ్లవాళ్లు ఈ రోజే సంతకం పెడతమంటున్నరు. తప్పేమున్నది? ఖోలి చూసి పిల్లనిచ్చేటోళ్లు లేరు. పొద్దున బాల్దీ పట్టుకొని సండాసు కాడ లైను కట్టాలంటే ఏ కోడలు వస్తది? ముసలోళ్లు మాత్రం, "మేము పోయినంక కట్టుకోండి" అంటున్నరు. ఖోలికి తాళం వేసి భివండిలో, కళ్యాణ్‌లో ఉండేటోళ్లు ఇప్పుడు ఆదివారం ఆదివారం వచ్చి గ్యాలరీలో కూసుంటున్నరు. పదేండ్ల నుంచి కనపడనోడు కూడా, "అన్నా, మన చాల్ ఏమాయె" అంటడు. సంతోషమే, మనిషిని చూసినట్లయితది.

రోడ్డు అవతల టవర్లలో ఉండేటోళ్లది ఇంకో మాట. ఇక్కడ జనం ఎక్కువైతే ట్రాఫిక్ ఆగుతది, నీళ్లు చాలవు, కాలువలు పొంగుతయి, ఎత్తు పెంచొద్దు అంటున్నరు. వాళ్ల టవర్లు నిలబడ్డది ఏ జాగలో? మిల్లు జాగలో. భోంగా మోగితే మేము ఉరికిన జాగలో. నీళ్ల మాట, కాలువ మాట అబద్ధమని నేననను. జులై వానకు మా గల్లీలో మోకాళ్ల దాకా నీళ్లొస్తయి, నాలుగింతలు ఇండ్లు లేస్తే ఆ మురికి ఎటు పోతదో మునిసిపాలిటీ చెప్పాలె. కానీ "జనం ఎక్కువైతరు" అనే మాట మాకు చెప్తే నవ్వొస్తది. ఈ గల్లీలో జనం ఎప్పుడు తక్కువున్నరు? నేను మిల్లులో బద్లీగా చేరినప్పుడు 160 అడుగుల ఖోలిలో పన్నెండు మందిమి. మొదటి పాళీ వాళ్లు లేచిపోతే రాత్రి పాళీ వాళ్లు అదే బొంతల మీద పండేది. బొంత చల్లబడేది కాదు. అప్పుడు మా గుంపు గురించి ఎవరూ అర్జీ పెట్టలేదు, ఎందుకంటే మేము వాళ్ల బట్ట నేసేటోళ్లం.

అందుకే నా మాట ముందే చెప్తున్న. ఎత్తు పెరిగితే నాకు భయం లేదు. నలభై అంతస్తులైనా మంచిదే. పెరిగినదాంట్ల మనకు వచ్చేది ఏ కాయితం మీద, ఏ మాటతో రాసి ఉన్నదో అదే నా భయం. ఒక్క మాట ఎంత పని చేస్తదో మిల్లు మనుషులం మనం చూసినం.

కొత్తతరం పిల్లలకు తెల్వదు కాబట్టి చెప్తున్న. 1982 జనవరి 18న సమ్మె మొదలైంది, దత్తా సామంత్ నాయకుడు, రెండున్నర లక్షల మంది బయటికొచ్చినం. ఆ తర్వాత మిల్లులు ఒక్కొక్కటి మూతబడ్డయి. 1991లో ఒక రూలొచ్చింది, 58 నంబరు. మిల్లు జాగ అమ్మితే మూడు భాగాలు చెయ్యాలె, ఒకటి ఊరికి మైదానాల కోసం, ఒకటి మ్హాడాకు పేదల ఇండ్ల కోసం, ఒకటి మాలకునికి. వినడానికి ఎంత బాగున్నది! 2001లో ఆ రూలు మార్చిండ్రు. మొత్తం జాగ కాదు, ఖాళీగా ఉన్న జాగనే మూడు భాగాలు అన్నరు. మిల్లంటే ఏముంటది? షెడ్లు, గోదాములు, చిమ్నీ. ఖాళీ జాగ ఎంత ఉంటది? ఒక్క 'ఖాళీ' అనే మాటతో ఊరి భాగం, పేదల భాగం చిటికెడంత అయిపోయింది. కోర్టుకు పోతే 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ మార్పు చెల్లుతదని చెప్పింది. మిల్లు కార్మికుల ఇండ్లకు మొదటి లాటరీ 2012లో తీసిండ్రు, ఇల్లు 225 అడుగులు. దరఖాస్తు పెట్టినోళ్లు లక్షన్నర దగ్గర. చాలామంది ఎదురుచూసి ఎదురుచూసి పోయిండ్రు, ఇప్పుడు వాళ్ల పిల్లలు ఎదురుచూస్తున్నరు. పెరంబూరులో బి అండ్ సి మిల్లు జాగలో అపార్టుమెంట్లు లేచినయి, బెంగళూరు బిన్నీ మిల్లు జాగలో లేచినయి. అక్కడి మనోళ్లకు ఈ కథ కొత్త కాదు.

ఇప్పుడు సంతకం కాయితం దగ్గరికి వస్త. మా చాల్‌లో మీటింగ్ పెట్టిండ్రు. బిల్డరు తరఫున వచ్చినోడు మన భాష మాట్లాడే పిలగాన్ని వెంట తెచ్చుకున్నడు. "పెదనాయనా, రెండేండ్లలో తాళం చేతికిస్తం, ఇక్కడ ఒక సంతకం చాలు" అని ఆ పిలగాడు మెల్లగ చెప్తున్నడు. మంచోడే, వాని ఉద్యోగం అది. ఆ కాయితం ఒక్కరోజు ఇంట్లో పెట్టుకుంటనని తీసుకున్న. మనవరాలు చదివి, "తాతా, ఇది ఇర్రివోకబుల్ అని రాసుంది" అన్నది. అంటే ఏందే అంటే, "ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకునేది లేదు" అన్నది. అది బిల్డరు మాట కాదు, రూలులోనే ఉన్నది. 33(7) కింద ఇచ్చే అంగీకారం వెనక్కి తీసుకోలేని అంగీకారమే.

ఇంకో సంగతి. పాత రూలులో నూటికి 70 మంది ఒప్పుకోవాలె. 2018లో వచ్చిన కొత్త రూలులో 51 మంది చాలు. ఆ 51 మంది పెట్టినంక మిగిలిన 49 మంది మేము పోమంటే కుదరదు, వాళ్లను ఖాళీ చేయించే అధికారం మ్హాడా చట్టంలో 95-ఎ కింద ఉన్నది. అందుకే, "నేను పెట్టను, నా ఖోలి నాది" అని గ్యాలరీలో ఛాతీ చరుచుకునే తమ్ముళ్లకు చెప్తున్న, అట్ల ఒంటరిగా కూసుంటే పని కాదు. పెట్టుడు పెట్టకపోవుడు కాదు, అందరం కలిసి ఏం రాయించుకొని పెడతమన్నదే అసలు బేరం. సంతకం పెట్టే దాకనే మన చేతిలో ఏమన్న ఉన్నది. పెట్టినంక మన మాట వినేటోడు మనలను వెతుక్కుంట రాడు.

గోరేగావ్ పత్రాచాల్ సంగతి పేపర్లలో చదివే ఉంటరు. 672 కుటుంబాలు, 2008లో ఒప్పందం అయ్యింది, ఇండ్లు పడగొట్టిండ్రు. కొన్నాళ్లకు కిరాయి ఇచ్చుడు బంద్ అయ్యింది. జాగలోని ముక్కలు వేరే వాళ్లకు అమ్ముడుపోయినయి. పదిహేనేండ్ల పైన ఆ కుటుంబాలు కిరాయి ఇండ్లలో తిరిగినయి. వాళ్లు సంతకం పెట్టిన రోజున వాళ్లకు కూడా ఎవరో "పెదనాయనా" అనే ఉంటరు.

మంచి కూడా చెప్పాలె కదా. మా వర్లీలోనే బీడీడీ చాల్లున్నయి. వందేండ్ల కిందట, 1920ల్లో ఇంగ్లీషోళ్లు కట్టినవి. కింద ఒకటి, మీద మూడు, అంతస్తుకు ఇరవై ఖోలీలు, ఒక్కొక్కటి 160 అడుగులు. దాని పని 2017లో మొదలుపెట్టిండ్రు. బిల్డరు లాభానికి వదలకుండ మ్హాడాయే ముందుండి కట్టిస్తున్నది. 160 ఉన్నోనికి 500 అడుగుల ఇల్లు. 2025 ఆగస్టులో మొదటి 556 కుటుంబాలకు తాళాలు ఇచ్చిండ్రు. మనోళ్లు కూడా అందులో ఉన్నరు, నేను పోయి చూసి వచ్చిన. ఇంట్లోనే సండాసు, వంటకు వేరే గది, కిటికీలో నుంచి సముద్రం గాలి. ఒక పెద్దమ్మ లిఫ్టులో ఎక్కాలంటే భయపడి మనవని చెయ్యి గట్టిగ పట్టుకున్నది గానీ, మొహం వెలిగిపోతున్నది. అది చూసినంక ఎత్తు వద్దు అనే నోరు నాకు రాదు. కానీ ఎనిమిదేండ్లు పట్టింది, అది కూడా గుర్తుపెట్టుకోవాలె. రెండేండ్లలో అంటే నమ్మొద్దు.

మా మీటింగ్‌లో రెండో మాడీ అక్క లేచి, "మా గ్యాలరీ ఏది ఈ ప్లాన్‌లో?" అని అడిగింది. అందరూ నవ్విండ్రు. బిల్డరు మనిషి కూడా నవ్విండు, "లాబీ ఉంటది అక్కా" అన్నడు. నాకు నవ్వు రాలేదు. ఆ అక్క ఆ గ్యాలరీలో అప్పడాలు ఒత్తి ఆరబెట్టి ఇద్దరు పిల్లలను చదివించింది. పక్క ఖోలి కోడలు అదే గ్యాలరీలో మిషన్ వేసుకొని జాకెట్లు కుడతది. మిల్లు పోయినంక మగోళ్ల జీతం పోయింది, ఇండ్లు నడిచింది ఆ నాలుగడుగుల గ్యాలరీ మీద. కుట్టుమిషన్ ఇంట్లో పెట్టుకుంటది సరే, లిఫ్టు దాటి ఇరవై రెండో అంతస్తుకు జాకెట్ కుట్టించుకోవడానికి ఎవరొస్తరు? మిద్దె మీద ఆరబెట్టుకోనిస్తరా, కింద ఒక గది ఆడోళ్ల పనికి ఇస్తరా, సొసైటీ రూల్స్‌లో అది ముందే రాయాలె. ఆ అక్క అడిగినదాని కన్నా మంచి సవాల్ ఆ రోజు ఎవరూ అడగలేదు.

గాలి వెలుతురు సంగతి ఇంకొకటి. గోవండిలో నట్వర్ పారేఖ్ కాంపౌండ్ అని ఉన్నది, రోడ్ల కోసం తీసేసినోళ్లకు కట్టిన ఇండ్లు. బిల్డింగుకు బిల్డింగుకు నడుమ మూడు మీటర్లు. అక్కడ కింది అంతస్తుల్లో ఎండ పడదు, గాలి ఆడదు, టీబీ ఎక్కువ అని డాక్టర్లు పరీక్ష చేసి చెప్పిండ్రు. దూది దుమ్ము మింగి దగ్గి దగ్గి పోయిన మనుషులు మన ఇండ్లల్ల ఉన్నరు. ఊపిరితిత్తి సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. అమ్మకపు టవర్ సముద్రం దిక్కు, మన టవర్ దాని ఎనుక నీడలో, గోడకు గోడ ఆనుకొని ఉంటే ఆ 400 అడుగులు ఎందుకు? ఇంట్లో గదులెన్ని అని అందరూ అడుగుతరు. మన బిల్డింగుకు పక్క బిల్డింగుకు నడుమ దూరం ఎంత అని ప్లాన్ మీద వేలు పెట్టి అడగండి.

అడుగుల లెక్కలో కూడా మాటలున్నయి. సెస్ బిల్డింగుకు 33(7)లో కనీసం 300 అడుగులు కార్పెట్ అని ఉన్నది. బిల్డరు చెప్పే అంకె కార్పెట్టా, గోడలు లాబీ కలిపా, అడిగి రాయించుకోవాలె. మా దాంట్లో కొందరు 550 కావాలని పట్టుబడుతున్నరు. బొంబయిలో 500 అడుగుల లోపు ఇంటికి 2022 నుంచి ఇంటిపన్ను మాఫీ ఉన్నది, 500 దాటితే లేదు. పింఛను మీద బతికేటోళ్లు ఆ యాభై అడుగులు కావాలా వద్దా అని ఇంట్లో కూసొని ఆలోచించుకోండి. దాని మీద నెలనెలా మెయింటెనెన్సు, లిఫ్టు, పంపు కరెంటు, వాచ్‌మన్. ఇప్పుడు మనం కట్టే కిరాయి వందల్లో ఉన్నది, అక్కడ వేలల్లో అయితది. అందుకే బిల్డరు సొసైటీ పేరు మీద బ్యాంకులో వేసే కార్పస్ ఎంత, ఎన్నేండ్లకు సరిపోతది అనేది ఇంటి సైజు కన్నా ముందు అడగాల్సింది. ఇల్లు ఉత్తగ వచ్చి, మెయింటెనెన్సు కట్టలేక రెండేండ్లకు అమ్ముకొని విరార్ దాటి పోయినోళ్లను నేను చూసిన.

అన్నిటికన్నా నాకు నిద్ర పట్టనియ్యంది పావతి పేరు. మన ఇండ్లల్ల ఎట్లుంటది? పెద్దన్న ముందు ఊరి నుంచి వచ్చిండు, ఖోలి ఆయన పేరు మీద. చిన్నోడు వచ్చిండు, అదే ఖోలిలో ఉన్నడు, అన్న పోయిండు, వదిన ఊరికి పోయింది, చిన్నోడు ముప్పై ఏండ్ల నుంచి కిరాయి కడుతున్నడు, పావతి ఇంకా అన్న పేరు మీదనే. 160 అడుగుల ఖోలి కోసం ఎవరూ కొట్లాడలేదు. ఇప్పుడది కోటి రూపాయల ఇల్లు అయితదని తెలిసినంక ఒక్క తల్లి పిల్లలు మాటలు బంద్ చేసిండ్రు. చట్టం ఏమంటదంటే, కిరాయిదారు పోయినప్పుడు ఆయనతో కలిసి ఉంటున్న ఇంటి మనిషికి ఆ హక్కు వస్తది. కలిసి ఉన్నట్లు కాయితం చూపాలె, రేషన్ కార్డు, ఓటరు కార్డు, కరెంటు బిల్లు, పిల్లల స్కూలు దాఖలా. 1996 జూన్ 13 తర్వాత కొత్తగా పెట్టిన కిరాయిదార్లను, ఒక ఖోలిని రెండు చేసినదాన్ని 33(7) కింద లెక్కలోకి తీసుకోరు. అంటే ఆ తారీఖుకు ముందటి పావతి మీ ఇంట్లో బంగారం కన్నా ఎక్కువ. ఎవరికి ఇల్లు వస్తది, ఎంత జాగ ఉన్నది అనే జాబితా రిపేర్ బోర్డు సర్టిఫై చేస్తది, బిల్డరు కాదు. బిల్డరు చేతి రాతతో తెచ్చిన లిస్టులో పేరున్నదని ఊరుకోవద్దు.

అన్నదమ్ములకు నా మాట ఒక్కటే. బోర్డు వాళ్లు సర్వేకు రాకముందే ఇంట్లో కూసొని తేల్చుకోండి. ఊర్లో ఉన్న వదినకు ఫోన్ చేయండి. ఆమె భాగం ఏందో ఒక కాయితం మీద రాసి ఇద్దరు పెద్దమనుషుల ముందు సంతకాలు పెట్టుకోండి. కోర్టుకు పోతే బిల్డింగు లేస్తది, మీ ఇంటికి మాత్రం తాళం పడి ఉంటది.

మా చాల్ ఇప్పుడు ఎక్కడున్నదంటే, నూటికి ముప్పై మంది పెట్టిండ్రు, మిగిలినోళ్లం ఆగినం. కోపంతో కాదు. ట్రాన్సిట్ కిరాయి మూడేండ్లది ముందే బ్యాంకులో వెయ్యాలె, ప్రతి ఇంటికీ వేరే రిజిస్టర్డ్ అగ్రిమెంటు కావాలె, మన టవర్ ముందు లేచినంకనే అమ్మకపు టవర్ అమ్మాలె అని మరాఠీలో రాసి కమిటీ తరఫున ఇచ్చినం. మరాఠీ చాల్ వాళ్లు, మన వాళ్లు, ఎనుక గల్లీ ముసల్మాన్ కుటుంబాలు అందరి సంతకాలు ఆ కాయితం మీద ఉన్నయి. సమ్మె తర్వాత ఇంతమంది ఒక్క కాయితం మీద సంతకం పెట్టుడు నేను ఇదే చూసుడు. బిల్డరు ఇంకా జవాబు ఇయ్యలేదు. సంతకం పెట్టిన ముప్పై ఇండ్లలో కొందరు మా మీద అలిగి నమస్తే కూడా పెడతలేరు. వాళ్ల పిల్లల పెండ్లిళ్లు ఆగి ఉన్నయి, వాళ్ల కోపం నాకు తెలుసు.

ప్రతి ఆదివారం పొద్దున పది గంటల నుంచి నేను, మనవరాలు కింద నీళ్ల ట్యాంకు పక్కన బల్ల వేసుకొని కూసుంటున్నం. మీ పాత పావతులు, రేషన్ కార్డు, పోయినోళ్ల డెత్ సర్టిఫికెట్టు, కరెంటు బిల్లులు తీసుకొని రండి. అసలువి ఎవరి చేతికీ ఇయ్యొద్దు, మాకు కూడా. రెండు జిరాక్సులు తీసి తెండి. చాయ్ మాత్రం మీరే తాగించాలె.